ట్రాక్టరు వైరింగు లోపములు - ఇంటివద్దనే కనుగొని సరిచేసుకొను విధము

కాలువకు నీరు వదిలినారు. నీటి వంతు నేడు మీది, రేపు పొరుగువారిది. నారు ముదురుచున్నది. దమ్ము చేయుటకు ట్రాక్టరుకు ఇనుప చక్రములు తగిలించి తాళము త్రిప్పగా, అది "టక్" మని ఒక్క చప్పుడు చేసి ఊరకున్నది. పట్టణములోని మెకానిక్కు రేపుగాని రాలేనన్నాడు. ప్రక్కనున్నవారు "సెల్ఫ్ కాలిపోయినది, క్రొత్తది వేయవలసినదే" అన్నారు. మీరు వేల రూపాయలు పోసి క్రొత్త సెల్ఫ్ తెచ్చి బిగించిన పిదప కూడ అదే చప్పుడు! చివరకు చూడగా, బ్యాటరీ నుండి ట్రాక్టరు ఒంటికి వచ్చు ఎర్తు తీగ క్రింద చిలుము పట్టియున్నది. దానిని గీకి బిగించుటకు పట్టిన కాలము పావుగంట.

ఇట్టి అనుభవము ట్రాక్టరు గల పెక్కు గ్రామములలో కలదు. ట్రాక్టరులో కరెంటు పనికి వచ్చు చిక్కులలో చాల భాగము పరికరములలో గాక, వాటికి పోవు తీగలలోను, అతుకులలోను, ఎర్తులోను ఉండును. కావున రైతు సోదరులు గుర్తుంచుకొనవలసిన మొదటి సూత్రమిది: పరీక్షింపక ఏ సామానునూ కొనరాదు. పరీక్షించు విధము కష్టమైనది కాదు. చదువను వ్రాయను వచ్చిన ప్రతి రైతు తన ఇంటివద్దనే చేసికొనవచ్చును.

కరెంటు నడక

కాలువ నీరు బోదెల గుండా మడికి చేరినట్లే, కరెంటు బ్యాటరీ నుండి తీగల గుండా దీపమునకో, సెల్ఫ్‌కో చేరును. నీటి మట్టము వంటిది వోల్టు. పారు నీటి పరిమాణము వంటిది ఆంపియరు. అయితే నీటికి లేని నియమమొకటి కరెంటునకు కలదు. అది బయలుదేరిన చోటికి తిరిగి చేరవలెను. దీపమునకు పోవుటకు తీగ ఉండును. తిరిగి వచ్చుటకు చాలచోట్ల ట్రాక్టరు ఇనుప శరీరమే దారి. దీనినే ఎర్తు అందుము.

బోదెకు వచ్చు లోపములు మూడే. తీగకు వచ్చు లోపములును మూడే. మొదటిది, తీగ తెగుట: పరికరము బొత్తిగా పనిచేయదు. రెండవది, తీగ పైపొర అరిగి ఇనుమునకు తగులుట: బోదెకు గండి పడినట్లు కరెంటు దారి తప్పును, ఫ్యూజు పోవును. దీనిని షార్టు అందురు. మూడవది, అతుకు వదులగుట, లేక చిలుము పట్టుట: బోదెలో పూడిక పడినట్లు కరెంటు తగ్గి, దీపములు మసకబారును, సెల్ఫ్ తిరుగదు. ఈ మూడవ లోపము కంటికి కనబడదు గనుకనే ఎక్కువ నష్టము కలిగించుచున్నది.

కావలసిన పనిముట్లు

కొన్ని వందల రూపాయలకు దొరకు అంకెల మల్టీమీటరు ఒకటి. 12 వోల్టుల చిన్న ఇండికేటరు బల్బుకు రెండు పొడవాటి తీగలు అతికి మీరే చేసికొనగల టెస్టు ల్యాంపు ఒకటి. స్పానర్లు, ఇనుప బ్రష్షు, గరుకు కాగితము, వంట సోడా, వాజిలీను, సరియైన ఆంపియర్ల ఫ్యూజులు కొన్ని. ఇవి చాలును. వీనిని ఒక డబ్బాలో పెట్టి ట్రాక్టరులోనే ఉంచుకొనుట మేలు.

మొదట బ్యాటరీ

ఏ లోపము వచ్చినను పరీక్ష బ్యాటరీతో ఆరంభింపవలెను. రాత్రి కదలక నిలిచియున్న ట్రాక్టరు బ్యాటరీకి ఉదయముననే మీటరు పెట్టి చూడుడు. 12.6 వోల్టులు చూపిన నిండుగా ఉన్నట్లు. 12.2 చూపిన సుమారు సగము. 12 కంటె తక్కువైన చార్జి చేయవలసినదే. నిండుగ చార్జి చేసిన పిదప కూడ 10.5 ప్రాంతమున నిలిచిన, ఆరు గదులలో ఒకటి చెడినదని అనుమానింపవచ్చును.

తరువాత ఇంజను నడుచుచుండగా చూడుడు. మీటరు 13.8 నుండి 14.4 వరకు చూపవలెను. ఇంజను నడుచుచున్నను 12.5 దాటనిచో ఆల్టర్నేటరు చార్జి చేయుటలేదు. ఇంజను ఆపి, దాని బెల్టు వదులైనదేమో మొదట చూడవలెను. 15 వోల్టులు దాటిన రెగ్యులేటరు చెడినట్లు. అట్టి బ్యాటరీలో నీరు త్వరత్వరగా ఇంకిపోవును.

తాళము త్రిప్పగానే వెలిగి ఇంజను నడువగానే ఆరవలసిన చార్జింగు దీపమును కూడ గమనింపుడు. కొన్ని ట్రాక్టర్లలో ఈ చిన్న బల్బు గుండా పోవు కరెంటే ఆల్టర్నేటరును మేల్కొలుపును. ఆ బల్బు మాడిపోయినచో ఆల్టర్నేటరు బాగున్నను చార్జి కాదు. కొద్దిపాటి ధర గల బల్బును చూడక ఆల్టర్నేటరును మార్చుట ఎంత పొరపాటో ఊహింపుడు.

బ్యాటరీ కొనలపై తెల్లని, పచ్చని పొక్కు పట్టినచో తీగలు విప్పి, గోరువెచ్చని నీటిలో వంట సోడా కలిపి, గదుల మూతలలోనికి పోకుండ కడిగి, ఆరబెట్టి, లోహము మెరయునట్లు గీకి, బిగించి, పైన వాజిలీను పూయవలెను. విప్పునపుడు నెగెటివు తీగను ముందు, బిగించునపుడు నెగెటివు తీగను చివర. ఈ వరుస తప్పినచో పాజిటివు కొనపైనున్న స్పానరు ఇనుమునకు తగిలి నిప్పురవ్వలు లేచును. చార్జి అగు బ్యాటరీ నుండి మండు గాలి వెలువడును. దాని దగ్గర బీడీ, చుట్ట, అగ్గిపుల్ల పనికిరావు. గదులలో మట్టము తగ్గిన డిస్టిల్డు వాటరు మాత్రమే పోయవలెను. ఆసిడ్డు కంటిలో పడినచో వెంటనే 15 నిమిషములు మంచినీటితో కడుగుచు వైద్యుని యొద్దకు పోవలెను.

"టక్" మని ఆగు సెల్ఫ్

బ్యాటరీ నిండుగానున్నను సెల్ఫ్ తిరుగకున్న, క్రింది పరీక్ష చేయుడు. గేరు న్యూట్రలులో ఉంచి, బ్రేకు బిగించి, ఇంజను అందుకొనకుండ స్టాప్ నాబు లాగి, ఒక మనిషిని సీటుపై కూర్చుండబెట్టుడు. మీటరును 20 వోల్టుల గుర్తుపై పెట్టుడు. దాని నల్ల మొనను బ్యాటరీ నెగెటివు సీసపు కొనపైనను, ఎర్ర మొనను ఇంజనుపై రంగులేని శుభ్రమైన చోటను ఆనించుడు. తీగ బిళ్ళపై గాక సీసపు కొనపైననే ఆనించుట ముఖ్యము. అప్పుడు సీటుపైని మనిషి ఐదు సెకన్లు మాత్రము తాళము త్రిప్పవలెను.

మీటరు 0.3 వోల్టు లోపల చూపిన ఎర్తు దారి బాగున్నది. 0.5 దాటినచో ఆ దారిలో ఎక్కడనో చిలుమున్నది. ఎర్తు తీగ రెండు కొనలు విప్పి గీకి బిగించుడు. అదే విధముగ బ్యాటరీ పాజిటివు కొనకును, సెల్ఫ్‌పైనున్న లావు తీగ బోల్టుకును మధ్య చూడవలెను. అక్కడ కూడ 0.5 వోల్టు మించరాదు. ఈ రెండు దారులు బాగుండి, త్రిప్పునపుడు బ్యాటరీ 9.6 వోల్టులకు దిగజారక, సెల్ఫ్‌కు వచ్చు సన్నని తీగలో కూడ తాళము త్రిప్పినపుడు కరెంటు వచ్చుచు, అయినను సెల్ఫ్ తిరుగకున్నచో, అప్పుడు మాత్రమే సెల్ఫ్‌ను విప్పి మెకానిక్కుకు చూపవలెను.

చప్పుడే రానిచో క్లచ్చి క్రిందనో, గేరు దగ్గరనో ఉండు రక్షణ స్విచ్చిని చూడుడు. బురదతో అది ఇరుకుకొని పోవుట కలదు. దానిని శుభ్రపరుపవలెను గాని, తీగలు కలిపి లేకుండ చేయరాదు.

ప్రాణము తీయు అలవాటు

తాళము పనిచేయనపుడు నేలపై నిలబడి, స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ బోల్టులను కలిపి ఇంజను నడుపుట కొందరికి అలవాటు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఇట్లు కలిపినపుడు రక్షణ స్విచ్చిలన్నియు ప్రక్కకు పోవును. గేరు పడియున్నచో ట్రాక్టరు అందుకొనిన క్షణముననే కదలును. కలుపు మనిషి నిలిచియుండునది సరిగా వెనుక చక్రము ముందు. ఎంత చురుకైనవాడును తప్పుకొనలేడు. ఇట్లు సొంత ట్రాక్టరు క్రిందనే పడి మరణించినవారు ఎందరో కలరు. పది నిమిషముల ఆలస్యమునకు ఓర్చుకొనుడు. మీ కుమారులకు, పాలేర్లకు కూడ ఈ మాట గట్టిగా చెప్పుడు.

ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నచో

ఫ్యూజు పోయినచో అదే ఆంపియర్ల ఫ్యూజు ఒకసారి వేయుడు. మరల పోయినచో షార్టు కలదన్నమాట. ఆ స్థానమున రాగి తీగ గాని, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము గాని పెట్టరాదు. అట్లు పెట్టినచో ఫ్యూజునకు బదులు వైరింగు మొత్తము కాలును. ట్రాలీలో గడ్డి ఉన్ననాడు సంగతి చెప్పనక్కరలేదు.

షార్టు పట్టుటకు సులభమైన ఉపాయము కలదు. పోయిన ఫ్యూజు తీసి, ఆ రెండు గాడులకు మీ టెస్టు ల్యాంపు రెండు కొనలు తగిలించుడు. ఆ ఫ్యూజు క్రిందనున్న దీపముల తీగలను వాటి సాకెట్ల వద్ద ఒక్కొక్కటిగా ఊడదీయుడు. ఏది ఊడదీయగానే టెస్టు ల్యాంపు ఆరిపోవునో, లోపము ఆ శాఖలో నున్నది. అన్నియు ఊడదీసినను ల్యాంపు ప్రకాశవంతముగ వెలుగుచున్నచో, తీగ దారిలోనే ఎక్కడనో ఇనుమునకు తగులుచున్నది. తీగల కట్టను మెల్లగా కదుపుచు పొండు. ల్యాంపు మిణుకుమనిన చోటనే గాయముండును. మడ్‌గార్డు రంధ్రముల వద్దను, స్టీరింగు క్రిందను, సైలెన్సరు ప్రక్కను ముందుగా చూడుడు.

ట్రాలీ దీపములు

ధాన్యము, చెరకు మోయు కాలమున రాత్రివేళ వెనుక దీపము లేని ట్రాలీ రోడ్డుపై నిలుచుట ఎన్ని ప్రాణములకు ముప్పో మీకు తెలియును. ట్రాలీ దీపములు మసకగా వెలిగినను, బ్రేకు త్రొక్కిన ఇండికేటరు కూడ వెలిగినను, అది బల్బు దోషము కాదు, ఎర్తు దోషము. బ్యాటరీ నెగెటివు నుండి ఒక పొడవాటి తీగ తెచ్చి ట్రాలీ దీపము ఇనుమునకు తగిలించుడు. దీపము వెంటనే ప్రకాశించినచో మీ అనుమానము నిజము. చాల ట్రాలీలలో ఎర్తు కరెంటు కొక్కెము, పిన్ను గుండా తిరిగి పోవుచుండును. అక్కడ తుప్పు, గ్రీజు అడ్డుపడును. సాకెట్టు నుండి ట్రాలీ చట్రమునకు ఎర్తు తీగను వేరుగా వేసినచో ఈ బాధ తొలగును. దీపములు ఎంత బాగున్నను, వెనుక ఎర్రని మెరుపు బిళ్ళలు అంటించుట మరువరాదు. బల్బు మాడిపోయిననాడు అవే మిమ్ము కాపాడును.

సెన్సార్లు

ఇంజనులోని వేడిని, ఆయిలు ఒత్తిడిని కనిపెట్టి గడియారపు ముల్లుకో, దీపమునకో తెలుపు చిన్న పరికరము సెన్సారు. ముల్లు తప్పు చూపినపుడు తప్పు మూడు చోట్ల నుండవచ్చును: సెన్సారులో, తీగలో, గడియారములో. నాలుగవది కూడ కలదు. ముల్లు చెప్పునది నిజమే కావచ్చును. కావున వేడి ముల్లు ఎర్రగీత చేరినపుడు మొదట ఇంజను ఆపి, చల్లారిన పిదప రేడియేటరు నీరు, ఫ్యాను బెల్టు చూడవలెను. వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తెరువరాదు.

వేడి సెన్సారుకు ఒకే తీగ ఉన్న ట్రాక్టర్లలో ఇట్లు పరీక్షింపుడు. తాళము వేసి, ఇంజను నడుపక, ఆ తీగను ఊడదీయుడు. ముల్లు చల్లని వైపు నిలువవలెను. తీగ కొనను ఒక క్షణము ఇంజను ఇనుమునకు తగిలింపుడు. ముల్లు వేడి వైపు పోవలెను. రెండును జరిగినచో గడియారము, తీగ బాగున్నవి, సెన్సారునే అనుమానింపవలెను. దానిని చల్లని ఇంజను నుండి విప్పి, మీటరును ఓముల గుర్తుపై పెట్టి, గిన్నెలోని నీటిలో దాని మొనను ముంచి, నీటిని వేడిచేయుచు చూడుడు. వేడి పెరిగినకొలది ఓములు క్రమముగ తగ్గవలెను. కదలక నిలిచినను, ఎగిరెగిరి పడినను సెన్సారు చెడినట్లే. కొన్ని పాత ట్రాక్టర్లలో తీగకు బదులు సన్నని లోహపు గొట్టము ఉండును. దానికి ఈ పరీక్ష వర్తించదు, దానిని వంచను తెంపను రాదు.

ఆయిలు దీపము విషయమున ఇంకను జాగ్రత్త వలయును. తాళము వేయగానే ఇది వెలిగి, ఇంజను నడిచిన కొద్ది సెకన్లకు ఆరవలెను. తాళము వేసినను వెలుగకున్న సంతోషింపకుడు. బల్బు గాని, తీగ గాని, స్విచ్చి గాని పోయినది, ఇంజను కావలి లేకుండ నడుచుచున్నది. స్విచ్చి తీగ ఊడదీసి ఇనుమునకు తగిలించిన దీపము వెలిగినచో స్విచ్చి చెడినది. వెలుగనిచో బల్బు, తీగ చూడవలెను. ఇంజను నడుచుచుండగా దీపము వెలిగినచో ఆ క్షణముననే ఇంజను ఆపి ఆయిలు మట్టము చూడుడు. మట్టము సరిగానున్నచో ఇంజను నడుపక, తాళము మాత్రము వేసి, తీగ ఊడదీయుడు. దీపము ఆరకున్నచో తీగ ఎక్కడనో ఇనుమునకు తగులుచున్నది. ఆరినంత మాత్రమున స్విచ్చి చెడినదని తీర్మానింపరాదు. మెకానిక్కు వేరు గేజి బిగించి ఆయిలు ఒత్తిడి కొలిచిన పిదపనే ఇంజను నడుపవలెను. ఇక్కడ తొందరపడిన ఇంజను బేరింగులు పోవును.

క్రొత్త తరహా ఇంజనులు

మన దేశములో 50 అశ్వశక్తికి మించిన ట్రాక్టర్లకు 2023 జనవరి నుండి ట్రెమ్-4 పొగ నియమములు అమలులోనికి వచ్చినవి. ఇట్టి ఇంజనులలో డీజిలును ఇ.సి.యు. అను చిన్న కంప్యూటరు నియమించును. దానికి పెక్కు సెన్సార్లు వార్తలందించుచుండును. ఏదైన తప్పిన ఇంజను బొమ్మ గల దీపము వెలుగును, ఇంజను బలము తగ్గవచ్చును.

ఇక్కడ మీరు చేయదగిన పని కొంత, చేయగూడని పని కొంత కలదు. డీలరు తన పరికరముతో చూచి చెప్పు కోడు సాధారణముగ ఒక సెన్సారు పేరు చెప్పును. కాని కోడు చూపునది ఆ సెన్సారు దారి మొత్తమును. ఆ దారిలో సాకెట్టు వదులైనను, తీగను ఎలుక కొరికినను అదే కోడు వచ్చును. కావున సెన్సారు కొనుటకు ముందు, తాళము తీసివేసి, దాని సాకెట్టు విప్పి, నీరు, బురద, చిలుము, వంగిన పిన్ను ఉన్నదేమో చూచి, శుభ్రపరచి, "క్లిక్" మను వరకు బిగింపుడు. తీగ వెంబడి అరుగుడు, కొరుకుడు ఉన్నదేమో చూడుడు. ఈ మాత్రమునకే చాల దీపములు ఆరును.

చేయగూడనివి ఇవి. తాళము వేసియుండగా ఏ సాకెట్టు విప్పరాదు. ఈ తీగలకు టెస్టు ల్యాంపు తగిలింపరాదు, మీటరు మాత్రమే వాడవలెను. గ్యారంటీ కాలములో తీగ కోయరాదు. డీజిలు గొట్టముల నట్లు వదులు చేయరాదు. వెనుక టైరులో గాలి ఒత్తిడి సుమారు 1 బారు. ఈ గొట్టములలో అది 1000 బార్లు దాటును. సన్నని చిమ్ము చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్లు జరిగిన గాయము చిన్నదిగా కనబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

అతుకు వేయు పద్ధతి

తీగలు మెలివేసి పైన టేపు చుట్టిన అతుకు ఒక దమ్ము కాలము కూడ నిలువదు. బ్యాటరీ నెగెటివు తీగ విప్పిన పిదప, నల్లబడిన రాగిని కోసివేసి, మెరయు రాగి వచ్చువరకు పైపొర తీయుడు. ముందుగా వేడికి ముడుచుకొను గొట్టము ముక్కను తీగకు ఎక్కించుడు. రాగి పోగులను ఒకదానిలో నొకటి చొప్పించి మెలివేసి, రోజను గల టంకముతో అతికి, గొట్టమును అతుకుపైకి జరిపి వేడి చూపుడు. క్రొత్త తీగ పాతదానికంటె సన్నముగ నుండరాదు. చివరగా కదలకుండ, సైలెన్సరుకు దూరముగ కట్టవలెను.

రాకుండ చూచుకొనుట

దమ్ము ముగిసిన ప్రతి సారి ట్రాక్టరు కడుగుట మంచిదే. కాని వేగముగ చిమ్ము నీటిని సాకెట్లపైన, ఆల్టర్నేటరుపైన, మీటర్లపైన కొట్టరాదు. ట్రాక్టరుకు వెల్డింగు చేయించునపుడు బ్యాటరీ తీగలు రెండును విప్పవలెను. ఇ.సి.యు. గల ట్రాక్టరులో దాని సాకెట్లు కూడ విప్పించవలెను. ఇంజను నడుచుచుండగా బ్యాటరీ తీగ ఊడదీయరాదు, ఆల్టర్నేటరులోని డయోడులు కాలిపోవును. షెడ్డులో ట్రాక్టరు ప్రక్కన గడ్డి, ధాన్యము నిలువ చేసిన ఎలుకలు చేరి తీగలు కొరుకును. చాల దినములు నిలిపిన ట్రాక్టరును నడుపుటకు ముందు బ్యాటరీ పెట్టె క్రిందను, బానెట్టు లోపలను చూడవలెను.

గ్రామోద్యోగులకు ఒక మనవి. ఊరిలో ట్రాక్టర్లు గలవారిని, నడుపు యువకులను వేసవిలో ఒక పూట సమావేశపరచి, పైని పరీక్షలను ఒక ట్రాక్టరుపై చేసి చూపించిన ఎంతయో ఉపకారము. మరింత నేర్వగోరు యువకులకు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థను గూర్చి తెలుపవచ్చును.

తొలకరికి పదిహేను దినములు ముందుగా మీ బ్యాటరీ వోల్టులను, ఇంజను నడుచునపుడు వచ్చు వోల్టులను, ఎర్తు పరీక్ష అంకెను ఒక పుస్తకములో తేదీ వేసి వ్రాసికొనుడు. మరుసటి ఏడు అదే దినములలో మరల వ్రాసి పోల్చిచూడుడు. అంకె మారినచో లోపము మొదలైనదని అర్థము. అప్పటికి నీటి వంతు రాలేదు, నారు ముదురలేదు. మీ చేతిలో కావలసినంత వ్యవధి ఉండును.